ఒకరికొక పుస్తకము



"ఏయే పుస్తకములు చదువవలెను? ఒక పట్టిక వ్రాసి యిండు" అని మమ్మడుగువారు పలువురు. అడిగినదే తడవుగా వ్రాసి యిచ్చుట మాకొక ముచ్చట. ఆ ముచ్చట యొకరి మనసు నెంత నొప్పించినదో యీ మాసము చెప్పుకొనదలచితిమి.

విజయనగరమున మా యెదురింటికి కొత్తకోడలుగా వచ్చిన పడుచు యొకతె, నిరుడు శ్రావణమాసమున, మధ్యాహ్నపు వేళ మా బీరువా ముందు నిలిచి, "వదినగారూ, నేను చదవదగ్గవి ఏవైనా చెప్పండి" అని యడిగినది. మేము పొంగిపోయితిమి. మనుచరిత్రము, వసుచరిత్రము, ఆముక్తమాల్యద, శృంగారనైషధము, కళాపూర్ణోదయము, ఇట్లు పన్నెండు పేళ్లు ముత్యములవంటి అక్షరములతో వ్రాసి, మనుచరిత్రమును చేత బెట్టి పంపితిమి.

నెల దినములకు ఆమె పుస్తకము తిరిగి తెచ్చినది. గుర్తుగా నుంచిన కాగితము మూడవ పుటయందే యున్నది. అది మా పట్టికయే. దాని వెనుక కందిపప్పు, చింతపండు, బెల్లము అని సరకుల లెక్క వ్రాసియున్నది. మాకు నవ్వు వచ్చినది. ఆమె మాత్రము తల వంచుకొని, "నాకు చదువు రాదని ఈ పుస్తకం తెరిచాకే తెలిసింది వదినగారూ" అని వెడలిపోయినది. పిదప రెండు మాసములు మా గడప త్రొక్కలేదు.

ఆ పిల్ల పత్రికలు విడువక చదువును; ఉత్తరము చక్కగా వ్రాయును. ఆమెకు చదువు రాదనిపించినది మా పట్టిక. మా తండ్రిగారు ప్రక్కన గూర్చుండి ప్రతిపదార్థము చెప్పగా మేము ఏండ్ల తరబడి చదివిన కావ్యములను, ఆమె యొంటరిగా, పొయ్యిమీది యెసరు చూచుకొనుచు చదువవలెనని శాసించితిమి. అంతియే కాదు. మాయంతట మేము ఆశపడి చదివిన మొదటి పుస్తకము మనుచరిత్రము కానే కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు! ఇంటివారందరు నిద్రించిన పిమ్మట దీపము తగ్గించుకొని చదివితిమి. ఆ పేరు పట్టికలో వ్రాయుటకు మాకు సిగ్గు కలిగినది. ఆమె యడిగినది తనకొక పుస్తకము. మేమిచ్చినది మా పాండిత్యపు జాబితా.

ఆ నొప్పి తీరకమునుపే శ్రీకాకుళము పోవలసిన పని పడి, మావారితో కథానిలయము చూచివచ్చితిమి. మావారివలెనే బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారు దానిని 1997 ఫిబ్రవరి 22న నెలకొల్పిరి. తమకు వచ్చిన పురస్కారముల సొమ్మును దానికే వినియోగించిరి. తెలుగు కథ యే పత్రికలో అచ్చైనను దానిని తెచ్చి దాచవలెనని ఆయన పట్టుదల. 2021లో ఆయన గతించిరి.

అచ్చటి పాత పత్రికల నడుమ మాకు భండారు అచ్చమాంబగారు గుర్తుకు వచ్చిరి. ఆమె 1874లో జన్మించి, బడికి పోకయే, తమ్ముడు చదువుకొనుచుండగా ఇంటనే చదువు నేర్చినది. 1902లో 'హిందూ సుందరి' యను స్త్రీల పత్రికలో 'ధనత్రయోదశి' యను కథ ప్రకటించినది. 1905లో, ముప్పదియొకటి యేండ్లైన నిండకమునుపే, కన్నుమూసినది. 1910లో వెలువడిన గురజాడవారి 'దిద్దుబాటు'నే మొదటి తెలుగు కథయని లోకము చాలకాలము చెప్పుకొనినది. అంతకు ఎనిమిదేండ్ల ముందటి యాడుదాని కథ మరుగుననే యుండెను. మన పత్రికలలో వచ్చినది చదివి, "నీవును చదువుము" అని తరువాతివారికి అందింపనిచో దాని గతి యిట్లే యగును. పుస్తకము చెప్పుట వేడుక గాదు, అప్పగింత యని యప్పుడు తోచినది.

ఇల్లు చేరి క్రొత్త పట్టిక వ్రాసితిమి. ఈసారి నాలుగే పేళ్లు. ప్రతి పేరు ప్రక్కన ఎందుకో, ఎప్పుడో కూడ వ్రాసితిమి.

మొదటిది 'దిద్దుబాటు'. పప్పు ఉడుకునంతలో ముగియును. దారి తప్పిన మగని నొక చదువుకొన్న యిల్లాలు మాటలు పడకయే చక్కదిద్దిన తీరు చూడవలెను.

రెండవది 'ధనత్రయోదశి'. చేత కాసు లేని పండుగనాడు సయితము పరధనమును ముట్టనొల్లని యిల్లాలి కథ.

మూడవది 'కన్యాశుల్కము'. 1892లో మన విజయనగరముననే మొదట ఆడిరి, 1897లో అచ్చైనది, 1909లో గురజాడవారు దానిని పెంచి తిరుగ వ్రాసిరి. తొలికూర్పు పీఠికను ఎవరిచేతనైన చెప్పించుకొని మొదట వినవలెను. మహారాజు ఆనందగజపతివారు విశాఖపట్టణము జిల్లాలోని శుల్కవివాహముల పట్టిక తయారు చేయించిరట. మూడేండ్లలో 1,034 వివాహములు! అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. పట్టికయన నిది. దీనిని విన్న పిదప గిరీశము మాటలకు ఎంత నవ్వినను చిన్నపిల్ల సుబ్బిని మరువలేము.

నాలుగవది మొల్ల రామాయణము. వినినంతనే తెలియని కవిత్వమేమి కవిత్వమని తలచిన కవయిత్రి యామె. సుమారు 870 పద్యగద్యములు. దినమునకు పది చొప్పున మూడు మాసములు. అర్థము కాని పద్యమును మా యింటికి తేవలెనని క్రింద వ్రాసితిమి.

ఈ గ్రాంథికమున వ్రాయు మేము వాడుకమాటల 'దిద్దుబాటు'ను ముందు పెట్టితిమని మీరు నవ్వవచ్చును. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళము చెంతనే కదా. ఆ నీళ్ల మహిమ యనుకొనుడు.

పట్టికను మేమే యెదురింటికి తీసికొనిపోయి, "తప్పు మాది అమ్మాయీ" అని చెప్పి యిచ్చితిమి. ఆమె యేమియు ననలేదు. వారము గడచిన పిదప వచ్చి, 'దిద్దుబాటు'ను అత్తగారికి చదివి వినిపించితినని చెప్పినది. కమలిని యెక్కడ నున్నదో తెలియగానే ఆ పెద్దామె పకపక నవ్వి, "ఇంకోటి చదవవే" అనినదట. ఇప్పుడు మొల్ల సుందరకాండము నడుచుచున్నది. మనుచరిత్రము మా బీరువాలోనే యున్నది. దానికిని దినము వచ్చును. వచ్చినప్పుడు ప్రక్కన గూర్చుందుము.

సోదరీమణులారా! మీరును మాకు వ్రాయుడు. పది పేళ్లు వలదు. ఒక్క పుస్తకము చాలును. అది యెవరికని చెప్పదలచితిరో, ఎందుకో, రెండు మాటలలో తెలుపుడు. కాశీమజిలీల వంటివైన సిగ్గుపడవలదు.