ఆడబిడ్డ వాటాకు సుప్రీంకోర్టు దాకా పోవాల్నా? వీలునామా రాయండి

పోస్టు జర పెద్దగుంది, ఓపికతోని చివరిదాకా చదవండి.

మన గ్రూపుల రిజర్వేషన్ గురించి, స్కాలర్‌షిప్ బకాయిల గురించి, పోడు గురించి రోజూ మాట్లాడుకుంటం. ఒక్క ముచ్చట మాత్రం ఎవ్వరం ఎత్తం. మనం పోయినంక మన పేరు మీద ఉన్నది ఎవరికి పోతది? ఎత్తితే "అపశకునం మాటలెందుకు" అంటరు. లేకుంటే "వీలునామా ఆస్తులున్నోళ్లకు, ముసలోళ్లకు" అంటరు. నేననేది ఏందంటే, వీలునామా అందరికంటే ఎక్కువ అవసరం మనకే. 18 ఏళ్లు దాటిన ప్రతి గిరిజన బిడ్డ రాసి పెట్టుకోవాలె.

కారణం చెప్త. ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉందని అందరం చదువుకున్నం. ఉమ్మడి రాష్ట్రంల 1986 చట్టంతోని, దేశమంతటా 2005 సవరణతోని వచ్చింది. కానీ 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ఎంతమందిమి చదివినం? కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులో రాసి ఉంది. అంటే పక్కింటి అమ్మాయికి చట్టమిచ్చిన హక్కు మన చెల్లెకు ఆ చట్టం కింద లేదు. మనకు తెగ ఆచారమే దిక్కు. ఆచారం ఏమంటదో మీకు తెలుసు. చాలా తండాల్లో, గూడేల్లో భూమి కొడుకులకే.

కోర్టులు చూస్కుంటయి అనేటోళ్లు ఈ లెక్క చూడండి. 2022 డిసెంబర్‌ల కమలా నేతి కేసుల సుప్రీంకోర్టు ఒడిశా గిరిజన కూతురికి హిందూ వారసత్వ చట్టం కింద వాటా రాదని చెప్పింది, చట్టం మార్చే సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పి ఊకుంది. 2025 జులైల ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసుల, ఆడబిడ్డకు వాటా కాదనడం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని తీర్పిచ్చింది. సంబురపడ్డం. అదే ఏడు అక్టోబర్‌ల హిమాచల్ కేసుల, హిందూ వారసత్వ చట్టం మాత్రం గిరిజనులకు వర్తించదని మళ్లా చెప్పింది. ఆ గోండు కుటుంబం వాటా అడిగింది 1992ల. న్యాయం దొరికేసరికి 30 ఏండ్లు దాటింది. మన చెల్లెకు అన్ని ఏండ్లు, అన్ని పైసలు ఉన్నయా?

ఇగ మన కుత్బుల్లాపూర్ సంగతి. తండాలిడిసి వచ్చి జీడిమెట్ల కంపెనీల్లో పని చేసేటోళ్లు, సూరారం, షాపూర్‌నగర్, దుండిగల్ దిక్కు కిరాయికి ఉండేటోళ్లు, రెక్కలు ముక్కలు చేసుకొని 60 గజాలో 100 గజాలో కొనుక్కున్నోళ్లు మనలో ఎందరో ఉన్నరు. ఆ ఇల్లు మొగుడూ పెళ్లాం ఇద్దరి చెమట. కాయితం మాత్రం ఆయన పేరు మీద. ఆయనకు ఏదన్న అయితే దినాలు కాకముందే ఊరి నుంచి అన్నదమ్ములు దిగుతరు. "మా ఆచారంల ఆడోళ్లకు లేదు" అన్న ఒక్క మాట చాలు, ఆమె పిల్లలతోని ఏండ్ల తరబడి తిరుగుడే. రెండు సాక్షి సంతకాలున్న ఒక్క కాయితం ఆ మాటకు జవాబు చెప్తది.

"అయితే ఆచారాన్ని ఇడిసిపెట్టమంటవా?" అని కొందరు పెద్దలు కోపానికొస్తరు. కాదు, ఉల్టా. వీలునామా లేకుంటేనే ఆచారం పోతది. 2000ల లబీశ్వర్ మాంఝీ కేసుల సంతాల్ కుటుంబానికి హిందూ చట్టం వర్తించింది ఎట్లనో తెలుసా? వాళ్లు హిందూ పద్ధతుల్లోకి మారిండ్రని కోర్టు నమ్మినందుకు. అంటే మన బిడ్డకు వాటా రావాల్నంటే మన ఆచారాలు పోయినయని మనమే రుజువు చేసుకోవాలె. ఇంతకంటే అవమానం ఏముంటది? వీలునామా రాస్తే ఎవల చట్టం కిందికీ పోయే పని లేదు. నాయక్ ఉంటడు, కారోబారి ఉంటడు, తీజ్ ఉంటది, బిడ్డకు వాటా కూడా ఉంటది. తీజ్ నాడు బుట్ట మోసే బిడ్డను దేవత అనుడు, భూమి కాడికొస్తే "పరాయింటి పిల్ల" అనుడు, ఇది ఆచారం కాదు, ఆశ.

"నాకు 22 ఏండ్లు, నా దగ్గర ఏముంది?" అనే తమ్ముళ్లకు ఒక మాట. కంపెనీల పీఎఫ్ కట్ అయితుందా? నౌకరీల ఉండంగ సభ్యుడు చనిపోతే ఈడీఎల్ఐ బీమా కింద 7 లక్షల దాకా వస్తయి. నామినీ ఎవరు? ఇంకొకటి: పెళ్లికి ముందు పెట్టిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితోని చెల్లకుండ పోతది, కొత్తది పెట్టాలె. బ్యాంకు ఖాతాకు 2025 నవంబర్ 1 నుంచి నలుగురు నామినీలను పెట్టొచ్చు. అయితే నామినీ అంటే ఓనరు కాదు. పైసలు తీసుకొని వారసులకు అప్పజెప్పేటోడు మాత్రమే అని చాలా కేసుల్లో కోర్టులు చెప్పినయి. అందుకే నామినీ పేరు ఒక్కటే సాలదు.

ఎట్ల రాయాలె? తెల్లకాయితం చాలు, స్టాంపు పేపర్ అక్కర్లేదు. ఏ ఆస్తి ఎవరికో తెలుగుల స్పష్టంగా రాసి సంతకమో వేలిముద్రనో పెట్టాలె. ఇద్దరు సాక్షులు చూసి సంతకాలు చేయాలె. వాటా పొందేటోళ్లను సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేపిస్తే రేపు "దొంగ సంతకం" అనే లొల్లి తగ్గుతది. మనసు మారితే బతికున్నన్ని రోజులు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

వీలునామా మంత్రం కాదు, అది కూడా చెప్పాలె. తాతల ఉమ్మడి భూమిల నీ వాటాను మించి రాసే హక్కు నీకు లేదు, దాని మీద ఆచారం పేరుతోని కొట్లాట కూడా రావొచ్చు. పోడు పట్టా 2006 అటవీ హక్కుల చట్టం కింద వారసులకు పోతది కానీ అమ్మనీకి, బయటోళ్లకు ఇయ్యనీకి రాదు. ఆ పట్టా మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరు మీద ఉండాలె, మీ ఇంట్ల ఉందో లేదో చూడండి. గాజులరామారం, జగద్గిరిగుట్ట దిక్కు నోటరీ కాయితం మీద కొన్న ఇల్లయితే, నీకున్నంత హక్కే నీ వారసులకు పోతది. అనుమానముంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతోని సంబంధం లేకుండ ఉచిత న్యాయ సాయం మన హక్కు.

సెక్షన్ 2(2) మార్చాల్నా, మన ఆచారాలను మనమే రాసుకొని మార్చుకోవాల్నా అన్న చర్చ నడవాల్సిందే, దాని మీద కొట్లాడుదాం. కానీ చట్టం మారేదాకా చావు ఆగదు. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మానాయినలను కూసోబెట్టి అడగండి, చెల్లెకు ఏం రాస్తున్నరని. అంతకంటే ముందు మీరు రాయండి. చదువుకున్నోళ్లమని చెప్పుకునే మనం ఒక్క కాయితం రాయలేకపోతే ఈ డిగ్రీలు ఎందుకు?