సింగడికి ఎండదెబ్బ

మా ఇంట్లో ఒక సింహం వుంది. తూకానికి ఆరు కిలోలు. పిల్లి ఎదురైతే మా అమ్మ కుచ్చిళ్ళ చాటుకు చేరుతుంది. షిట్జు అన్న ఆ జాతి పేరుకు చైనా భాషలో సింహమనే అర్థం. అందుకని మా అమ్మాయి దానికి సింబా అని పేరు పెట్టింది. నోరు తిరగక మా అమ్మ సింగడన్నది. ఇప్పుడు వీధి వీధంతటికీ వాడు సింగడే.

ఈ జాతికి మూలం టిబెట్టు. పేరుప్రతిష్ఠలు వచ్చింది బీజింగు రాజప్రాసాదంలో. 1930లో ఇంగ్లండు చేరింది. 1949 తరువాత చైనాలో దాదాపు కనుమరుగైనా, అప్పటికే పరదేశాలు పట్టిన కొద్దిపాటి కుక్కల సంతానమే నేడు లోకమంతా వ్యాపించింది. అంతఃపురాల్లో పట్టుపరుపుల మీద పవళించిన వంశం నల్లగొండ గుట్టల నడుమ గచ్చునేల మీద బోర్లా పడుకుని రొప్పుతున్నది. విధివిలాసం అందామంటే వీల్లేదు. తెచ్చింది మనమే కదా!

వచ్చిన రోజునే అమ్మ పెదవి విరిచింది. “ఏందిరా గిది, కుక్కనా, బొచ్చుమూటనా? మన ఎండలకు ఓర్సుకుంటదా?”

ఎమ్మే చదివిన వాణ్ణి కనుక నవ్వి వూరుకున్నాను. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన శునకం గురించి గంటసేపు పాఠం చెప్పగలను గాని, కుక్కకు మనలా ఒళ్ళంతా చెమటపోసి చల్లబడదన్న సంగతి నాకు తెలియదు. పాదాల మెత్తల్లో కొద్దిగా చెమట పడుతుందంతే. ఒంటి వేడి పోవడానికి దానికున్న పెద్ద దారి నోరు తెరిచి రొప్పడమే. ముక్కు చట్టిదైన ఈ జాతికి ఆ దారి కూడా ఇరుకు.

మా వేసవి సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా మరణించారు. తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో మా నల్లగొండ ఒకటి. మనుషులకే ఆ గతి పట్టిన చోట బొచ్చుకుక్క గతి ఏమిటి?

పోయిన రోహిణీకార్తెలో నాకు అది తెలిసివచ్చింది. ఇంటిల్లిపాదీ పెళ్ళికని దేవరకొండ వెళ్ళారు. నాకు జవాబుపత్రాలు దిద్దే పని పడింది. సింగణ్ణి గదిలో వుంచి, కూలరు వేసి, వేడిగాలి రాకుండా కిటికీలు బిగించి, తాళం పెట్టి వెళ్ళాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో చూడండి! నేనటు వెళ్ళగానే కరెంటు పోయింది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి చూస్తే, సింగడు పక్కకు ఒరిగి వున్నాడు. చిగుళ్ళు ఇటుకరంగుకు తిరిగాయి. నోట చిక్కని చొంగ. పిలిస్తే లేవబోయి తూలి పడ్డాడు. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికే పోనన్నాడు. నేను జవాబుపత్రాల కోసం విడిచిపోయాను.

పశువైద్యునికి ఫోను చేశాను. “ముందు చల్లబరచండి, తరువాత తీసుకురండి. ఐసునీళ్ళు వద్దు. మామూలు నీళ్ళు బొచ్చులోంచి చర్మానికి దిగేలా పొట్టకూ, తొడలకూ, పాదాలకూ పోసి విసరండి. తాగితే తాగనివ్వండి, నోట్లో మాత్రం పోయకండి” అన్నాడు. ఆస్పత్రికి చేరేసరికి కూడా వేడి నూటనాలుగు డిగ్రీలు దాటి వుంది. కుక్కకు సహజమైనది నూటొకటి మొదలు నూటరెండున్నర దాకా. పైవేడి తగ్గినా లోపల మూత్రపిండాలు దెబ్బతినవచ్చునట. రెండు రోజులు సెలైను ఎక్కించాక గాని సింగడు తోక ఆడించలేదు.

అప్పటినుంచి మా ఇంటి పద్ధతులు మారాయి. మా బండనేల పగలు కాగితే పొద్దుపోయినా చల్లారదు. అందుకని షికారు తెల్లవారుజామునే. ముందుగా అరచేతి వెనుకవైపు నేలకు ఆనించి చూస్తాను. నా చెయ్యి ఓర్వలేనిచోట వాడి కాలు పెట్టనివ్వను. బొచ్చు రోజూ దువ్వాలి. లేకుంటే జడలు కట్టి గాలి ఆడదు. అలాగని నున్నగా గొరిగించనూ కూడదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. ఒక అంగుళం వుంచి కత్తిరిస్తే చాలు. దువ్వేటప్పుడే చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు వున్నాయేమో వెతకాలి. అవి జ్వరాలు తెస్తాయి. పిచ్చికుక్కకాటు రోగానికి టీకా తప్పనిసరి. ముద్దు వచ్చినా ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, పాయసంలోని ఎండుద్రాక్ష పెట్టకండి. మనకు రుచి, వాటికి విషం.

ఇలాంటి కుక్కపిల్లను కొనదలచినవారు నన్ను సలహా అడుగుతుంటారు. ధర ఎంతని అడుగుతారు, బొచ్చు రాలుతుందా అని అడుగుతారు. నేను ఎదురు అడిగేది ఒక్కటే: “మే నెల మధ్యాహ్నం మీ ఇంట్లో ఎవరుంటారు?” జవాబు లేనివారికి వద్దనే చెబుతాను.

మొన్న మళ్ళీ కరెంటు పోయింది. చూద్దును గదా, అమ్మ చాపమీద కూర్చుని తడిగుడ్డ మీద పడుకున్న సింగడికి విసనకర్రతో విసురుతున్నది. వాణ్ణి గడప తొక్కనివ్వనన్న మనిషి! “నీకు చెమటలు కారుతుంటే వాడికి విసురుతున్నావేమిటమ్మా?” అన్నాను.

విసరడం ఆపకుండానే అన్నది: “అది అడిగొచ్చిందారా మనూరికి?”