పసుపు వాయిదా బేరము: పన్ను ఎవరి నెత్తిన?

నిజామాబాదు, దుగ్గిరాల ప్రాంతములలో పసుపు పండించు రైతు సోదరులు కొందరు వాయిదా వ్యాపారమును గూర్చి వాకబు చేయుచున్నారు. పంట యార్డుకు చేరక ముందే, రాబోవు నెల ధరకు ఎక్స్ఛేంజిలో అమ్మి ఉంచవచ్చుననుట నిజమే. కాని "వ్యవసాయపు సరుకు గదా, దీనికి పన్ను లేదు" అని దళారి చెప్పు మాటలో సగమే నిజము. మిగిలిన సగము తెలియకుండ బేరమునకు దిగవద్దని మనవి.

మొదట ఆ నిజమైన సగమును చూతము. సరుకుల వాయిదా బేరములపై పన్ను వేయవలెనని 2008 బడ్జెటులో ప్రతిపాదించిరి. అమలులోనికి రాకముందే 2009లో విరమించిరి. మరల 2013 జూలై 1 నుండి విధించిరి. బంగారము, వెండి, రాగి, ముడి చమురు వంటి సరుకుల వాయిదా కాంట్రాక్టును అమ్మినవాడు ఆ విలువపై 0.01 శాతము, అనగా లక్షకు 10 రూపాయలు, కట్టవలెనని నిర్ణయము. లాభనష్టములతో దీనికి పనిలేదు. ఎక్స్ఛేంజియే వసూలు చేసి ప్రభుత్వమునకు జమకట్టును. సంవత్సరమున కొకసారి అమ్మువానికి ఇది లెక్కలోనిది కాదు. ఉదయము కొని మధ్యాహ్నము అమ్ముచు రోజుకు పది బేరములు చేయువానికే బరువు. అట్లు బరువు కావలెననియే నా అభిప్రాయము. ఈ పన్ను వచ్చిన తరువాత వ్యాపారము పడిపోయినదని ఎక్స్ఛేంజీలవారు మొరపెట్టుకొనిరి. కాని ఆ జూలై నెలాఖరుననే నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజి చెల్లింపుల సంక్షోభము బయటపడినది. తగ్గుదల నంతటిని పన్ను పద్దున వ్రాయుట న్యాయము కాదు.

పసుపు, ఎండుమిర్చి, ధనియాలు, ప్రత్తి, ఆముదాలు మొదలైన 23 వ్యవసాయపు సరుకులకు అప్పుడే మినహాయింపు నిచ్చిరి. అయితే గీత విచిత్రముగా గీసిరి. సోయా గింజ మినహాయింపులో నున్నది, సోయానూనె లేదు, చక్కెరయు లేదు. (సోయా వాయిదాలను సెబీ 2021 డిసెంబరులో నిలిపివేసినది, అది వేరు సంగతి.) రైతులు సంఘముగా చేరి మిల్లు పెట్టుకొనుడని మనమే బోధించుచుందుము. గింజ నూనెగా మారగానే ఆ సంఘమును బంగారపు వర్తకునితో ఒక వరుసన నిలుపుట సబబుగా లేదు.

చిల్లర పద్దులు మరి రెండు కలవు. 2020 జూలై 1 నుండి దేశమంతట ఒకే తీరున స్టాంపు సుంకము వచ్చినది: వాయిదా కొనుగోలుపై 0.002 శాతము, కొనువానినుండి. దళారి రుసుముపై జి.ఎస్.టి. 18 శాతము. ఈ రెంటివలన ఎవరును చెడిపోరు.

చెడిపోవు చోటు ఆదాయపు పన్నువద్ద నున్నది. 5 టన్నుల పసుపు నిల్వగల రైతు క్వింటాలు 12,000 రూపాయల చొప్పున 50 క్వింటాళ్లు వాయిదాలో అమ్మినాడనుకొనుడు. మొత్తము 6 లక్షలు. గడువునాటికి ధర 11,000కు దిగినది. వాయిదాను తిరిగి కొని ముగించగా 50,000 లాభము. సరుకు యార్డులో అమ్మగా 5,50,000. ఖర్చులు పోగా అనుకొన్న 6 లక్షలు దక్కినవి. కాని చట్టము కంటికి ఇవి రెండు వేరువేరు సొమ్ములు. 5,50,000 వ్యవసాయాదాయము, దానికి పన్ను లేదు. 50,000 భూమినుండి వచ్చినది కాదు, అది వ్యాపారాదాయము.

ధర 13,000కు ఎక్కినదనుకొనుడు. యార్డులో 6,50,000 వచ్చును, వాయిదాలో 50,000 పోవును. ఈ నష్టమును దేనిలో తగ్గించుకొందురు? పన్నులేని పంట రాబడిలో తగ్గించినను కలిసివచ్చునది లేదు. వేరు వ్యాపారము లేని రైతుకు ఆ నష్టము కాగితముపైననే మిగులును. లాభమైనచో లెక్కలోనికి, నష్టమైనచో గాలికి! ధర పడిపోవునను భయముచేత బేరము చేసినవానికి ఇది తగిన ఏర్పాటు కాదు. సొంత పంట ఎంతయో అంతవరకు చేసిన వాయిదా అమ్మకమును పంట అమ్మకములో భాగముగానే ఎంచవలెనని నా వాదము. పంటకు మించి చేసినది వ్యాపారమే, దానికి పన్ను పడనిండు.

చట్టము కొంత దారికి వచ్చిన మాట కూడ చెప్పవలెను. పన్ను కట్టిన వాయిదా బేరములే జూదపు వ్యాపారము కావని మొదట నియమ ముండెను. పన్ను మినహాయింపు పొందిన పసుపు బేరము అందువలననే చిక్కున పడెను. మేలు చేయబోయి కీడు చేసినట్లయినది. 2018 ఫైనాన్సు చట్టము ఈ చిక్కును తీసివేసినది. కనుక గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజిలో వచ్చిన నష్టమును ఇతర వ్యాపార లాభములో తగ్గించుకొనవచ్చును. 8 సంవత్సరములవరకు ముందునకు తీసికొని పోవచ్చును. అయితే గడువులోపల రిటర్ను దాఖలు చేయవలెను. చిన్న రైతులలో చాలమంది మొత్తము పన్ను పరిమితికి లోబడియే యుండవచ్చును. అయినను నష్టము వచ్చిన యేడు రిటర్ను మానినచో ఈ హక్కు పోవును.

గ్రామోద్యోగులు ఈ విషయమున సాయపడగలరు. వాయిదా బేరము చేయు రైతుచేత పంట సాగు నమోదు నకలు, యార్డు తక్‌పట్టీ, దళారి ఇచ్చు కాంట్రాక్టు చీటీ మూడును ఒకే కట్టలో పెట్టించుడు. ఏ సొమ్ము పొలముది, ఏ సొమ్ము బేరముది అని అధికారి అడిగిననాడు చూపవలసినవి అవే.