ముల్లు చేసే మాయ

పాత పాటల ప్రస్తావన వచ్చిన చోటల్లా ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు: ఆ ప్లేట్లలో ఉన్న జీవం ఈ సీడీల్లో, ఫోన్లలో ఏదండీ అని. పెద్దవాళ్లు అంటే సరేననుకోవచ్చు, ఈమధ్య పాతికేళ్ల కుర్రకారు కూడా అదే అందుకుంది. అమెరికాలో 2022లో ఎల్పీ రికార్డులు 4 కోట్లకు పైగా అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగిపోయాయి. సంఖ్యలో రికార్డు సీడీని మించడం 1987 తర్వాత అదే మొదటిసారి. కొనుక్కునేవాళ్లతో నాకు పేచీ లేదు. కొన్నందుకు చెప్పే కారణంతోనే పేచీ. అనలాగ్ ధ్వని సహజమైనదట. డిజిటల్ ధ్వని ముక్కలుగా కోసి అతికించింది కనుక నిర్జీవమట. ఈ మాట తప్పు. పైగా, పాటను నిజంగా పాడుచేసినవాళ్లు ఈ మాట చాటున హాయిగా తప్పించుకుంటున్నారు.

ముందు ఆ ముక్కల సంగతి. సీడీలో ధ్వని కొలతను సెకనుకు 44,100 సార్లు తీసుకుంటారు. అయితే ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య ఉన్నది పోయినట్టేగా అని వాదన. వినడానికి బాగానే ఉంది గానీ, హైస్కూలు రేఖాగణితమే దీనికి అడ్డుపడుతుంది. ఒకే గీత మీద లేని మూడు చుక్కలు పెడితే వాటి గుండా పోయే వృత్తం ఒక్కటే ఉంటుంది. మిగతా చుక్కలు పెట్టలేదని వృత్తం తరిగిపోదు. ధ్వనికీ అలాంటి నియమమే ఉంది. నైక్విస్ట్ 1928లో దారి చూపిస్తే, షానన్ 1949లో నిరూపించి చూపాడు: కొలతల వేగంలో సగానికి లోపు ఉన్న ఏ తరంగాన్నైనా ఆ కొలతల నుంచి పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. సీడీకి ఆ హద్దు 22,050 హెర్ట్‌జ్. పడుచు చెవికి వినిపించేదే 20,000 దాకా. వయసు మళ్లాక అదీ ఉండదు. ఇక డిజిటల్ ధ్వని మెట్లుమెట్లుగా ఉంటుందని పుస్తకాల్లో బొమ్మలేసి చూపిస్తారే, ఆ మెట్లు స్పీకరు దాకా రానే రావు, చివర్లో ఉండే ఫిల్టరు నున్నటి తరంగాన్నే బయటికి పంపుతుంది. లెక్కలు వద్దు, చెవి సాక్ష్యమే కావాలంటే అదీ ఉంది. మేయర్, మొరాన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరీక్షలో, సీడీని మించిన నాణ్యత గల రికార్డింగును కొన్నిసార్లు నేరుగా, కొన్నిసార్లు సీడీ స్థాయికి కుదించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసుకున్నా దాదాపు అన్నే వస్తాయి.

మరి సహజమని పేరుపడ్డ ఎల్పీ సంగతి? పాటను గాడిలోకి ఎక్కించేటప్పుడే మంద్రధ్వనిని బాగా తగ్గించి, తారధ్వనిని పెంచి చెక్కుతారు. లేకపోతే గాడి అడ్డదిడ్డంగా వెడల్పై, పావుగంట పాట కూడా పట్టదు. వినేటప్పుడు యాంప్లిఫయరు దాన్ని తలకిందులు చేసి సరిదిద్దాలి. మంద్రధ్వని ఒక పక్క స్పీకర్లోనే గట్టిగా ఉంటే ముల్లు ఎగురుతుంది కాబట్టి దాన్ని లాక్కొచ్చి మధ్యలో పెడతారు. ప్లేటు అంచున గాడి సెకనుకు యాభై సెంటీమీటర్ల పొడవున ముల్లు కింద జారిపోతే, లేబులు దగ్గరికి వచ్చేసరికి అది ఇరవై చిల్లరకు పడిపోతుంది. అందుకే ఆఖరి పాట మొదటి పాటంత శుభ్రంగా ఉండదు. మెల్లని ధ్వనికీ గట్టి ధ్వనికీ మధ్య ఎడం ఎల్పీలో 60, 70 డెసిబెళ్లు. సీడీలో దాదాపు 96. ఇవన్నీ అటుంచి, మన సంగీతానికి ప్రాణం శ్రుతి కదా. ప్లేటు నడిమి చిల్లు వెంట్రుకవాసి పక్కకు పడిందంటే, తిరిగే ప్రతి చుట్టుకూ, అంటే 1.8 సెకన్లకొకసారి, స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. సినిమా పాటలో అది జనానికి తెలియకపోవచ్చు. తంబూరా మీద నిలిపిన షడ్జంలో తెలుస్తుంది. శ్రుతి తప్పితే కచేరీలో గాయకుణ్ణి క్షమించనివాళ్లు ప్లేటును మాత్రం ‘ఎంత జీవం!’ అని మెచ్చుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

అయినా రికార్డు మోగితే చెవికి హాయిగా ఉంటుందంటారు. ఉంటుంది, కాదనను. ముల్లు, టేపు, వాల్వు యాంప్లిఫయరు తలా కాస్త తమ సొంత ధ్వనిని కలుపుతాయి. టేపు నిండా పట్టేసరికి కోసుగా లేచే ధ్వనుల మొన అరుగుతుంది, అసలు స్వరానికి పైన దాని అనుస్వరాలు తోడవుతాయి. అదొక పోపు. పోపు నచ్చిందంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇంగువ వాసనను కందిపప్పు సహజ పరిమళమని చెబితేనే చిక్కు. పైగా ఈ పోపు డిజిటల్లో పడితే విరిగిపోయేదీ కాదు. ఎల్పీని శ్రద్ధగా కంప్యూటర్లోకి ఎక్కించి వినండి, ఆ వెచ్చదనం చిటపటలతో సహా వచ్చేస్తుంది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీలను పూర్తిగా అనలాగ్ అని నమ్మి ఏళ్ల తరబడి ఎక్కువ డబ్బు పోసి కొన్నారు రసికులు. వాటిలో చాలావాటి తయారీలో డిజిటల్ దశ ఒకటుందని 2022లో బయటపడింది. అప్పటిదాకా ఆ ప్లేట్లను ఆకాశానికెత్తినవాళ్ల చెవులు ఆ సంగతి చెప్పలేదు. తెలిశాక కోర్టుకెక్కారు.

‘ఒకే ఆల్బం సీడీ కంటే ఎల్పీలో బాగుంది, చెవులారా విన్నాం’ అనేవాళ్ల మాట మాత్రం కొట్టిపారేయకూడదు. చాలాసార్లు అది నిజమే. కారణం వేరు. తొంభైలలో మొదలై కంపెనీలు పక్కవాడి పాట కంటే తమ పాట గట్టిగా మోగాలని పోటీ పడ్డాయి. మెల్లగా ఉన్నవాటిని పెంచి, గట్టిగా ఉన్నవాటిని నొక్కి, పాటంతా ఒకే ఎత్తున గోడలా కట్టారు. 2008లో మెటాలికా తెచ్చిన ‘డెత్ మాగ్నెటిక్’ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ: అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేములో అంత నొక్కుడు లేకుండా, సీడీలో కంటే శుభ్రంగా వినిపించాయి. ఆ గేములో ఉన్నదీ డిజిటలే. ఎల్పీ బాగుండటానికి కారణమూ ఎక్కువగా దాని గొప్పతనం కాదు, దాని బలహీనత. అంత అరుపును గాడి, ముల్లు తట్టుకోలేవు కనుక దానికి వేరే మాస్టరింగ్ చేయక తప్పదు. సీడీకి మర్యాద నేర్పేవాడు లేకపోయాడు. పాత ఎంపీ3 పాటల మీద ఉన్న కోపమూ ఇలాంటిదే. సెకనుకు 1,411 కిలోబిట్లున్నదాన్ని 128కి దించేస్తే తాళాల మోత ఇసుక రాలినట్టు ఉండటంలో వింతేముంది? గాయకుడి గొంతుకు ఆటోట్యూన్ ఇస్త్రీ వేయడమూ మనిషి చేసిన పనే. వీటన్నిటినీ మూటగట్టి డిజిటల్ నెత్తిన పెట్టడం అన్యాయం.

ప్లేటు తుడిచి, ముల్లు ఆనించి, లేచి రెండో పక్కకు తిప్పుకుంటూ కుదురుగా వినడంలో ఉన్న సుఖం వేరంటారు. ఒప్పుకుంటాను. అది కుదురుకు దక్కిన సుఖం, గాడికి దక్కింది కాదు. యంత్రంలో జీవం చూడటం మనుషులకు కొత్తేమీ కాదు. 1915 నుంచి ఎడిసన్ కంపెనీ ఊరూరా సభలు పెట్టి, వేదిక మీద గాయని పాట ఆపగానే తమ యంత్రం అందుకునేలా ఏర్పాటు చేసేది. తేడా తెలియలేదని జనం చెప్పారు. మైకు అన్నదే లేకుండా, బాకాలోకి పాడించి పట్టిన ధ్వని అది!

మనవైపు ఈ చర్చకు ఇంకొక ముఖం ఉంది. 78 ఆర్‌పీఎం ప్లేటులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల చిల్లర. నాటక పద్యాల్లో రాగాలు అక్కడికే తెగేవి, కృతులకు ఆలాపన చిటికెడే మిగిలేది. 78 అనేది పేరుకే, తొలినాటి ప్లేట్లను రకరకాల వేగాల్లో చెక్కారు. ఆరు శాతం తేడా వస్తే ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరలో పాడినట్టు వినిపిస్తుంది. అందువల్ల తొలితరం గాయకుల అసలు శ్రుతి ఏదో ఇప్పటికీ తేల్చుకోవలసే వస్తోంది. విన్న ప్రతిసారీ ముల్లు గాడిని కొంత తినేస్తుంది. డెబ్బైలనాటి కొన్ని రకాల టేపులు ఇప్పుడు జిగురెక్కి టేపురికార్డరు హెడ్‌కు అంటుకుంటున్నాయి. సన్నని సెగ మీద గంటల తరబడి వేడిచేసి, మోగినంతలో కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. ఆ ఎక్కించడంలోనూ ఘోరాలు జరుగుతున్నాయి. గరగర పోగొట్టే ఉత్సాహంలో పద్యానికి ముందు పీల్చిన ఊపిరిని, హార్మోనియం తిత్తి సవ్వడిని కూడా తుడిచేస్తున్నారు. పాత నాటక పద్యం కొత్త ప్రతిలో గొంతు ప్లాస్టిక్‌లా తోస్తే, గరగర ఎంత తీశారో, ఏ ప్లేటు నుంచి, ఏ వేగంలో ఎక్కించారో అమ్మినవాణ్ణి అడగాలి. ఆ మూడు వివరాలు అట్ట మీద వేసే కంపెనీలు అరుదు.