మడను కొట్టి రేవును కాపాడలేం

కాకినాడ రేవుకు ప్రకృతి కట్టిపెట్టిన గోడలు రెండున్నాయి. సముద్రం వైపు సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఒకటి. దక్షిణాన కోరంగి, గాడేరు పాయలు అఖాతంలో కలిసే చోట పెరిగిన మడ అడవి రెండోది. రెండూ గోదావరి ఒండ్రు చలవే. వీటి చాటున నీరు నిలకడగా ఉంటుంది గనుకే ఉప్పుటేరులో నింపుకున్న బియ్యం బస్తాలను బార్జీలు లంగరు వేసిన ఓడలకు చేర్చగలుగుతున్నాయి, ఈ రేవు దేశంలో బియ్యం ఎగుమతికి పెట్టింది పేరయింది. అందుకే ఈ పత్రిక చెప్పదలచుకున్నది ఒక్కటే. జెట్టీకైనా, గోదాముకైనా, రోడ్డుకైనా, కాలనీకైనా మడ నేలలో ఇకపై సెంటు భూమి కూడా ఇవ్వకూడదు. రేవు పెరగవలసింది ఇప్పటికే గట్టిపడిన నేల మీద, ఇప్పటికే తవ్విన కాలువల వెంట.

ఇది చెట్ల మీద మమకారంతో అంటున్న మాట కాదు. కాకినాడ కంటే ముందు ఈ తీరంలో వెలిగిన రేవు కోరంగి. 1789లో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టింది, 1839 తుపాను దెబ్బకు అది మళ్లీ లేవలేదు. 1996 నవంబరులో ఇదే తీరాన్ని తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇలాంటి చోట మడ ఏం చేయగలదో తెలియాలంటే ఒడిశా వైపు చూడాలి. 1999 నాటి పెను తుపానులో కేంద్రపడా జిల్లా గ్రామాల నష్టాన్ని సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ లెక్కగట్టి 2009లో ప్రచురించారు. ఊరికీ సముద్రానికీ నడుమ మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తగ్గాయని తేలింది. మన దగ్గర ఆ అవసరం ఇంకా ఎక్కువ. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుండగా 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని, 1976 నుంచి 2001 మధ్య డెల్టా అంచు 1,800 హెక్టార్లకు పైగా కోసుకుపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతుంటే, వచ్చిన కాస్తనూ వేళ్లతో పట్టి నిలిపేది మడే.

మడను చంపడానికి గొడ్డలే అక్కర్లేదు. నల్లమడ, తెల్లమడ చెట్ల కింద బురదలోంచి వేలెడంత ముళ్లలా వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. చెట్టు గాలి పీల్చేది వాటితోనే. పోటుకు నీరు రావాలి, పాటుకు తీయాలి. అడ్డంగా ఒక మట్టి గట్టు వేసి, డ్రెడ్జింగ్ ఇసుక తెచ్చి పోస్తే ఆ వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. కొన్నాళ్లకు అది బీడులా కనిపిస్తుంది, అప్పుడు దాన్ని పనికిరాని నేల అని రికార్డు రాయడం తేలిక. తీరాల ఆక్రమణ చాలాచోట్ల నడిచే దారి ఇదే.

పేదలకు ఇళ్లు వద్దా అని అడుగుతారు. తప్పకుండా కావాలి. కానీ 2020లో కాకినాడలోని దుమ్ములపేట దగ్గర మడను కొట్టి చదును చేసింది ఆ పేరుతోనే. అందుకు 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వాన్ని 5 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారం కట్టమంది. పోటు నీరు ఎక్కే పల్లంలో పట్టా ఇవ్వడమంటే మొదటి ఉప్పెనకు పేదవాణ్ణే ఎదురు నిలబెట్టడం. మెరక భూమి కొని ఇవ్వడం ఖర్చే. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. కొట్టినదానికి మూడింతలు నాటుతామన్నది మరో వాదన. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లోనూ ఆ షరతు ఉంది. అయితే ఎక్కడ పడితే అక్కడ నాటితే మొక్క బతకదు. ఉప్పు, తీపి నీళ్లు సరైన పాళ్లలో కలిసే చోటే మడ నిలుస్తుంది, అలాంటి చోట ఇప్పటికే మడ ఉంటుంది. ఇక రాతి గోడలతో సముద్రాన్ని ఆపవచ్చనే వారు ఉప్పాడ వెళ్లి చూడాలి. అక్కడ తీరం వెంట గోడలా వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టం) అలలకు చిరిగిపోయింది, ఊరు ఇంకా కోతకు గురవుతూనే ఉంది.

ఉపాధి మాటే బలమైనది. దాన్ని కొట్టిపారేయలేం. రేవు మీద వేలమంది హమాలీలు, బార్జీ కార్మికులు, లారీ డ్రైవర్లు బతుకుతున్నారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో మత్స్యకార కుటుంబాలు మండపీత మీద, రొయ్య మీద, మొగలో వేసే వల మీద ఆధారపడ్డాయి. ఆ రొయ్య పిల్ల పెరిగేది మడ వేళ్ల నడుమే. ఒకరి కూలి కోసం ఇంకొకరి కూడు తీయాల్సిన అగత్యం నిజంగా ఉందా? పూడిక తీసి ఉప్పుటేరు లోతు పెంచడం, పాత గోదాముల స్థలాలను తిరిగి వాడుకోవడం, ఉన్న బెర్తులకు రైలు మార్గం మెరుగుపరచడం, వీటిలో దేనికీ మడ ముట్టుకోనక్కర్లేదు. ముందు ఇవి చేసి, ఆ తర్వాత కొత్త నేల అడగాలి.

తీరప్రాంత పటాల్లో మడ హద్దును, దాని చుట్టూ 50 మీటర్ల రక్షణ వలయాన్ని సర్వే నంబర్లతో సహా తెలుగులో అచ్చువేసి ప్రతి మత్స్యకార గ్రామ సచివాలయంలో అతికించాలి. హద్దురాళ్లు ఊరివాళ్ల సమక్షంలో పాతాలి. ట్రైబ్యునల్ చెప్పిన పరిహారాన్ని ఈ మడ మీదే ఖర్చుపెట్టాలి. అన్నిటికంటే ముందు, దుమ్ములపేట నుంచి కోరంగి దాకా నీటి దారి మూసిన గట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, వచ్చే వానాకాలం లోపు తెగ్గొట్టి పోటు నీటిని లోపలికి వదలాలి.