ఏడు రోజుల తరువాత?

మోటారు ప్రమాదాలలో గాయపడినవారికి ముందుగా రొక్కం చెల్లించనక్కరలేకుండా చికిత్స జరిపించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వంవారు 2025 మే నెలలో అమలులోకి తెచ్చారు. మనిషికి లక్షా 50 వేల రూపాయల వరకు, ప్రమాదం జరిగిన నాటినుండి 7 రోజులపాటు. సంతోషమే. కాని తలకు దెబ్బ తగిలిన పసివాడి అసలు కష్టం ఆ 8వ రోజు తరువాతనే గదా మొదలయ్యేది?

2024లో మా మేనకోడలి కొడుకు, 9 ఏళ్ళవాడు, స్కూటరుమీదనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, అందుకు డాక్టర్లకు నమస్కారం. మూడు వారాలకు ఇంటికి తీసుకుపొమ్మని, వారానికి రెండుమార్లు వచ్చి వ్యాయామం చేయించుకొమ్మని అన్నారు. పిల్లవాడు నిలబడలేడు, మంచినీళ్ళు తాగినా పొలమారుతుంది. బస్సెక్కించి తీసుకుపోతే ఆసుపత్రి చేరేసరికే సొమ్మసిల్లి నిద్రపోయేవాడు. ఇక ఆ అరగంట వ్యాయామం దేనికి?

తుదకు పునరావాస వైద్యశాలలో చేర్చాము. నడక, చేతిపనులు, మాట, మింగడం — వీటికి వేరువేరు నిపుణులు, ప్రతిరోజూ, నడుమ విశ్రాంతి ఇస్తూ. అన్నిటికంటె మేలైన సంగతి, తల్లిని దగ్గర కూర్చోబెట్టి ఆమెకూ నేర్పారు. వేలూరులో డాక్టరు మేరీ వర్ఘీస్‌గారి పూనికతో 1966లో వెలసిన సంస్థవంటివి ఊరూరా లేవు.

అందరికీ ఇది అవసరమని నేననను. నడుస్తూ, తింటూ వున్న పిల్లవాడికి ఇల్లూ బడీయే మంచివి. ప్రాణాపాయం గడిచి, కాస్తసేపైనా చెప్పినమాట వినగలిగి, ఇంటివద్ద సంబాళించరానివాడిని మాత్రం చేర్చవలసిందే. చిన్నవాడు గదా, అదే సర్దుకుంటుందన్న ధీమా తగదు. పసితనపు దెబ్బ ఫలితం కొన్ని యేళ్ళకు, పాఠాలు బరువెక్కినప్పుడు బయటపడడమూ కద్దు.

మనవంటివారికి మరొక చిక్కున్నది. మావాడికి ఇంట తెలుగు, బడిలో తమిళం. మొదటి ఆసుపత్రివారు తమిళంలోనే పరీక్షించి, మాట పూర్తిగా పోయిందని వ్రాశారు. ఆ సాయంత్రం మా అక్కయ్య, "అన్నంలోకి ఏం కావాల్రా నాన్నా?" అంటే, "పెరుగు" అన్నాడు! రెండు భాషలలోనూ పరీక్షించమని అడగడానికి తల్లిదండ్రులు మొగమాటపడరాదు.

ఇంకొక నెల ఉంచమన్నా, ఖర్చుకు తాళలేక ఆరు వారాలకే తీసుకువచ్చాము. ఆ 7 రోజుల గడువును, తలగాయమైన పిల్లల విషయంలోనైనా, పునరావాస చికిత్స ముగిసేవరకు పొడిగించవలసిందిగా ప్రభుత్వంవారిని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హోసూరు