కుండీ మార్చిన మొదటి నెల



బదిలీ ఉద్యోగుల పిల్లల్ని బోన్సాయ్ మొక్కలతో పోల్చడం కొందరికి అలవాటు. "పాపం, మాటిమాటికీ వేర్లు కోసి కొత్త కుండీలో పెడుతుంటారు" అని జాలిపడతారు. ఈ జాలి నాకు నచ్చదు. నేనూ మీలాగే ఊళ్లు మారుతూ వచ్చిన టీచర్ని. మూలకుళంలో అద్దె ఇంటి మేడ మీద రెండు జువ్వి బోన్సాయ్‌లు, ఒక రావి పెంచుతున్నాను. కుండీ ఎందుకు మారుస్తారో తెలిస్తే ఎవరూ అలా అనరు.

కుండీలో ఉండేది గుప్పెడు మట్టి. రెండు మూడేళ్లలో అది వేర్లతో నిండిపోతుంది. అవి గోడ వెంబడి చుట్టలు చుట్టుకుంటాయి. పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా అంచుల వెంట జారిపోతాయి. ఆకులు పచ్చగానే కనిపిస్తాయి, చెట్టు మాత్రం దాహంతో ఉంటుంది. అప్పుడు మార్చకపోతేనే ముప్పు. సుమారు మూడో వంతు వేర్లు కత్తిరిస్తే సన్నని పిల్లవేర్లు వస్తాయి. నీళ్లు తాగేవి అవే.

చెట్టును చంపేది కోత కాదు, ఆ తరువాత మనం పడే తొందర. కుండీ మార్చాక రెండు మూడు వారాలు నీడలో ఉంచాలి. నెల రోజులదాకా ఎరువు వేయకూడదు. గాలికి ఊగితే లేత వేర్లు తెగుతాయి గనుక అడుగు రంధ్రాల్లోంచి తీగ దూర్చి చెట్టును కుండీకి కట్టాలి. పుదుచ్చేరిలో అక్టోబరు, నవంబరు వానలకు కోసిన వేర్లు కుళ్లే ప్రమాదం ఉంది. అందుకే నేను ఫిబ్రవరి చివర్లో మారుస్తాను.

మరి పిల్లల విషయంలో మనం చేస్తున్నదేమిటి? సామాను విప్పకముందే ట్యూషన్! కొత్త బడిలో అడుగుపెట్టిన వారానికే పరీక్ష, ఆ మార్కులతోనే "వీడు వెనకబడ్డాడు" అన్న ముద్ర. ఇది వేర్లు కోసిన మర్నాడే ఎరువు వేయడం.

ఇంకొకటి, పాత మట్టి. రావి, జువ్వి మొండి చెట్లు, గోడ పగుళ్లలోనూ మొలుస్తాయి. మట్టంతా కడిగేసినా తట్టుకుంటాయి. పైన్ చెట్టు అలా కాదు. దాని వేర్లను అంటుకుని తెల్లని బూజు ఉంటుంది, తిండి అందించడంలో అది తోడు. అందుకే పాత మట్టిని కొంత అలాగే ఉంచుతారు. "ఈ ఊళ్లో తెలుగు దేనికి?" అని మానిపించే తల్లిదండ్రులు ఈ తేడా గమనించాలి. ఒక బిడ్డ జువ్వి అయితే ఇంకో బిడ్డ పైన్ కావచ్చు. అన్నట్టు, గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం కూడా పుదుచ్చేరిదే!

వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో 1625 నుంచి పెంచుతున్న ఒక పైన్ బోన్సాయ్ ఉంది. 1976లో జపాన్‌కు చెందిన మసారు యమకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. 2001లో ఆయన మనవళ్లు చూడడానికి వచ్చి చెబితేగానీ అక్కడివాళ్లకు అసలు సంగతి తెలియలేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై బాంబు పడినప్పుడు, సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, తోట గోడ చాటున అది బతికి బయటపడింది. పాతికేళ్లు నీళ్లు పోసినవాళ్లకే దాని కథ తెలియదు!

మన తరగతుల్లోనూ ఇంతే. కొత్తగా వచ్చినవాళ్లను "ఇంతకుముందు ఏ ఊరు?" అని అడుగుతాం, జవాబు పూర్తిగా వినం. ఆ ఊళ్లో వాళ్లేం తినేవారు, ఏ భాషలో పోట్లాడుకునేవారు, ఎవరిని వదిలి వచ్చారు అని మీరైనా అడగండి. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: కొత్త విద్యార్థికి మొదటి నెల మార్కులు లెక్కపెట్టకండి, ట్యూషన్ పెట్టకండి. ఇంట్లో వారానికి ఒక ఉత్తరమైనా అమ్మమ్మకో తాతయ్యకో సొంత భాషలో రాయనివ్వండి.